మూలన ఊదా మరక

సౌదీలోని హుఫూఫ్ ఊరవతల ఖర్జూర తోటకు భూమేష్ నీళ్లు పెట్టే పని మీద వచ్చాడు. మెట్‌పల్లిలో టీవీలు బాగుచేసి బతికినవాడు. తోటపని చూసుకుంటూ తన మానాన తానుంటే సరిపోయేది. నోరు ఊరుకోదు కదా! ఓ రోజు అతన్ని పనికి రప్పించుకున్న యజమాని, కఫీల్ అబూ సాలెహ్ పాత డబ్బా టీవీని బయట పడేయమంటే, నేను నడిపిస్తాను బాబా అన్నాడు. ఆ ఒక్క మాటతో తన మెడకు తానే ఉచ్చు తగిలించుకున్నాడు.

అబూ సాలెహ్‌కు చిన్ననాటి వీడియో గేములంటే ప్రాణం. ఆనాటి యంత్రాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఆ యంత్రాల్ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం ఉంటే చాలు, అరచేతిలో పట్టే కంప్యూటర్ పెట్టె ఆ ఆటలన్నీ ఆడిస్తుంది. కొత్త టీవీకి తగిలిస్తే ఏ గొడవా లేదు. ఆయనకేమో డబ్బా టీవీలోనే కావాలి. కొత్త పెట్టె పంపే బొమ్మ పాత టీవీకి ఒక పట్టాన మింగుడుపడదు. అంచులు చట్రం వెనక్కి పోయి పైన పాయింట్లు కనిపించవు. బొమ్మ ఆగకుండా వణుకుతుంది. భూమేష్ పట్టు వదల్లేదు. బొమ్మను కుదించి చట్రంలోకి లాగాడు. పెట్టె పంపే గీతల్ని సగానికి తగ్గించగానే వణుకు ఆగింది. రంగులు అద్దినట్టు కుదిరాయి.

కఫీల్ చూసి తల అడ్డంగా ఊపాడు. ఇది మా ఇంటి బొమ్మలా లేదన్నాడు. ఏం తేడా అంటే చెప్పలేడు. అలా కనిపించిన రోజే ఇంటికి పోవడానికి ఛుట్టీ అని మాత్రం ఒట్టేసినంత పని చేశాడు. ఆ ఛుట్టీకి సర్కారు అనుమతి ఇప్పించే మీట ఆయన ఫోనులో ఉంది. ఆయన వేలు నొక్కితే తప్ప భూమేష్ విమానం ఎక్కలేడు.

భూమేష్ ఇక్కడికి వచ్చేనాటికి భార్య స్వర్ణ నిండు చూలాలు. పుట్టిన బిడ్డను ఫోనులోనే చూసుకుంటున్నాడు. పుట్టువెంట్రుకలు నేను వచ్చాకే వేములవాడలో తీయిద్దామని అతనే అన్నాడు. వాళ్లలో బేసి ఏడులోనే తీస్తారు. బిడ్డకు మూడో ఏడు వెళ్లిపోతోంది. జడలు కట్టిన ఆ నెత్తిని చూసినప్పుడల్లా ఇంకెన్ని నెలలు మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు.

ఓ సాయంత్రం అబూ సాలెహ్ చాయ్ తాగుతూ పాత ముచ్చట్లు తీశాడు. తానూ, చనిపోయిన తమ్ముడూ నేల మీద కూర్చుని ఆడేవారట. టీవీ పక్కనే వాళ్ల నాన్న పెద్ద స్పీకర్ ఉండేదట. భూమేష్‌కు చప్పున వెలిగింది. స్పీకర్‌లోని అయస్కాంతం తెర మూలన ఊదా మరక పెడుతుంది. మెట్‌పల్లిలో ఆ మరక పోగొట్టమనే జనం వచ్చేవారు. ఇన్నాళ్లూ బొమ్మ బాగుండాలనే చూశాడు తప్ప, దాన్ని చెడగొట్టాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు ఓ పాత స్పీకర్ తెచ్చి టీవీకి ఆనించి పెట్టాడు. మూలన ఊదా రంగు పాకింది. అబూ సాలెహ్ నేల మీద చతికిలబడి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాడు. కళ్లు తుడుచుకున్నాడు. భూమేష్‌కూ ఏడుపొచ్చింది, కొంత జాలితో, ఎక్కువ ఆశతో.

ఛుట్టీ అడిగితే కఫీల్ అతన్ని కావలించుకున్నాడు. నువ్వు మా ఇంటివాడివి, నువ్వు పోతే దీన్ని ఎవరు చూస్తారన్నాడు. చుట్టాలందరికీ అప్పుడే చెప్పేశాడట, వాళ్ల టీవీలన్నీ పికప్ బండిలో వస్తున్నాయట. అవన్నీ అయ్యాక చూద్దామన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, తిట్టుకోవడానికి కూడా సందు లేదు. భూమేష్‌కు ఆ స్పీకర్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

పంపుసెట్టు దగ్గరికి పోయి స్వర్ణకు ఫోన్ చేశాడు.

"నా కోసం చూడకు స్వర్ణా. మీ అన్నను తోల్కపోయి బిడ్డ ఎంటికలు తీపియ్యి."

"గా టీవీల బొమ్మ మంచిగ రాలేదా?" అంది స్వర్ణ.

"వచ్చింది. మంచిగనే వచ్చింది. అందుకనే."

గేటు బయట పికప్ హారన్ మోగింది. టీవీలు దించడానికి భూమేష్ లేచాడు.