అమ్మ కార్డులో రాసిన వృత్తి

మా అమ్మ నలభై ఏళ్ళుగా ఉప్పుటేట్లో ఆల్చిప్పలు కొడుతోంది. ఒంగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్ళో ఆ పని ఆడవాళ్ళదే. పోటు తగ్గి నీళ్ళు తీసిన వేళ నడుముకు తాడుతో సత్తుగిన్నె కట్టుకుని గుండెల్లోతు దిగుతారు. రాళ్ళను కరుచుకున్న చిప్పల్ని ఉలితో పెళ్ళగించి, వెనకాలే తేలుతూ వచ్చే గిన్నెలో వేసుకుంటారు. చిప్ప అంచు బ్లేడుతో సమానం. చెయ్యి తెగని రోజుండదు. చిప్పలు దొరకని నెలల్లో అమ్మ పడమటి ఊళ్ళకు మిరప కోతలకు వెళ్ళేది. ఆ గాట్లలోకి కారం దిగితే కాయ కోస్తూనే వేళ్ళు ఊదుకునేది. చిన్నప్పుడు అది చూసి నేను నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడేళ్ళ కిందట, ఏటి పక్కన రొయ్యల చెరువులు తవ్వించిన ఒకాయన గట్టు మీది దారికి గేటు పెట్టించాడు. రొయ్యలు పోతున్నాయట. వృత్తి 'వేట' అని రాసిన సర్కారు కార్డు ఉన్నవాళ్ళనే వదలమని కాపలా మనిషికి చెప్పాడు. ఏరు ఆయనది కాదు, గట్టూ ఆయనది కాదు. కార్డు చూపించాల్సింది మాత్రం మా అమ్మ!

నేను ఒంగోల్లో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. సెలవు పెట్టి అమ్మను ఆ కార్డులిచ్చే ఆఫీసుకు తీసుకెళ్ళాను.

"పడవుందా?" అన్నాడు గుమస్తా.

"లేదండి."

"వల?"

"చిప్పలకి వలెందుకు బాబూ?"

"మరి వేటెట్టా అవుద్దమ్మా? ఏరుకోడం వేట కాదు."

అయినా దరఖాస్తు తీసుకుని, మిషను మీద బొటనవేలు పెట్టమన్నాడు. ఎర్రలైటు వెలిగింది. సబ్బుతో కడుక్కు రమ్మన్నాడు. అమ్మ బయట కుళాయి దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చింది. మూడుసార్లూ ఎర్రలైటే.

"గీతలన్నీ అరిగిపోయినయ్. ఏం పని చేస్తావమ్మా నువ్వు?" అన్నాడు విసుగ్గా.

నాకు కోపం ఆగలేదు. "ఏ పని చేస్తే ఆ వేళ్ళు అట్టా అయినయ్యో, ఆ పనే రాయమంటున్నాం సార్!" అని అరిచాను. ఆఫీసులో అందరూ తిరిగి చూశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. చివరికి వేలిముద్రకు బదులు కళ్ళు ఫొటో తీసి పంపించారు.

నెల తర్వాత కార్డు వచ్చింది. వృత్తి అన్నచోట 'గృహిణి' అని ఉంది. అమ్మకు చదువు రాదు. నేనే చదివి చెప్పాను.

"అంటే ఏందే?"

"ఇంట్లో ఉండేదమ్మా."

"ఇంట్లో నేనెప్పుడున్నానే?" అంది.

మర్నాడు పొద్దున్నే, తనతో చిప్పలు కొట్టే పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని గేటు దగ్గరికి నడిచింది. నేనూ వెళ్ళాను. కాపలా మనిషి మా ఊరివాడే. కార్డు తిప్పి చూసి, "వేట అని లేదుగా పిన్నీ, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

"ఒరేయ్, నీ కాపలా రొయ్యలకి. ఏటికి కాదు. తప్పుకో" అంది అమ్మ.

వాడు యజమానికి ఫోన్ చేశాడు. ఆడవాళ్ళు గిన్నెలు బోర్లించుకుని దారికి అడ్డంగా కూర్చున్నారు. రొయ్యల మేత లారీ వచ్చి ఆగిపోయింది. కాసేపటికి యజమాని కారులో వచ్చాడు. బతిమాలాడు, కేసు పెడతానన్నాడు. ఒక్కరూ లేవలేదు. ఎండెక్కాక, "ఈ ఒక్కరోజుకీ పోనీ" అని గేటు తీయించాడు.

"రేపూ వస్తాం" అంది అమ్మ ఆయన మొహం మీదే.

మర్నాడూ వెళ్ళారు, ఆ మర్నాడూ వెళ్ళారు. ఒంటరిగా ఎవరూ వెళ్ళలేదు. వారం తిరిగేసరికి గేటుకు తాళం వేయడం మానేశారు.

కార్డు మాత్రం అలాగే ఉంది. దిద్దమని నాలుగుసార్లు దరఖాస్తు పెట్టాను. మొన్న వెళ్తే, ఆవిడ ఆ పని చేస్తోందనడానికి రుజువు తెమ్మన్నారు. నీళ్ళు తీసే వేళకు ఏటి దగ్గరికి వచ్చి మీ కళ్ళతో మీరే చూసుకోండని చెప్పి వచ్చేశాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు.