వెనక నుంచి పిలిచే పెట్టె

ఆ రోజుల్లో మన దారికి అడ్డం రావాలంటే మనిషే వచ్చి నిలబడాలి. వాడి మొహం మనకీ, మన మొహం వాడికీ కనబడేవి కాబట్టి ఇద్దరికీ కాస్త సిగ్గుండేది. ఇప్పుడు ఫోనులో పంచాంగం తెరిస్తే తిథి కనబడేలోగా ఒక పెట్టె ఎగిరొచ్చి కళ్ళకి అడ్డం పడుతుంది. దాన్ని మూసే ఇంటూ గుర్తు నువ్వుగింజంత ఉంటుంది (నా వేలు దాని మీద పడదు, పక్కన పడుతుంది, పక్కన పడాలనే వాళ్ళ ఏడుపు). వీటిని పాప్-అప్‌లంటారని మా మనవరాలు నాకు పాఠం చెప్పబోయింది. నాకు చెప్పక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళ వయసులో, ఒక దసరా పూజల సీజనులో, నేనే ఒక పాప్-అప్‌ని.

మా ఆయనకి బెంగాల్లో ఓడల డాక్‌లో పని, కాపురం ఆ పక్కనే వాట్‌గంజ్‌లో. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఖిదిర్‌పూర్ బజారులో ఒక బెంగాలీ ఆయన చీరల షాపులో నాకు ఉద్యోగం దొరికింది, ఎందుకంటే డాక్ కూలీల ఇళ్ళ ఆడవాళ్ళందరూ మా శ్రీకాకుళం వైపు వాళ్ళే, వాళ్ళతో తెలుగులో మాట్లాడే మనిషి కావాలి. చీరలు విప్పి చూపడం, మడతపెట్టడం, వచ్చినవాళ్ళకి బిందెలో తాగే నీళ్ళు నింపి ఉంచడం నా పని. యజమానిని అందరం దాదా, అంటే అన్నయ్యా, అనేవాళ్ళం. బట్టలమ్మడం తెలిసిన మనిషే, కానీ కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి షాపులో కూర్చోబెట్టుకున్నాడు. జామాయిబాబు అని పిలిచేవాళ్ళం (అల్లుణ్ణి అక్కడ అలాగే అంటారు, ఆ పిలుపులోనే సగం నైవేద్యం ఉంటుంది). ఆ బాబు కంప్యూటర్ కోర్సేదో చేసొచ్చి షాపుకి ఒక వెబ్‌సైటు పెట్టాడు.

ఒకరోజు నన్ను పిలిచి చూపించాడు. తెర మీద ఒక చీర కొంగు ఇలా కనబడిందో లేదో ఎర్రటి పెట్టె వచ్చి కప్పేసింది. ఈ రోజే ఆఖరంది, త్వరపడమంది. కింద రెండు మీటలు. ఒకదాని మీద అవును, తీసుకుంటానని ఉందట. రెండో దాని మీద, వద్దు, నాకు మంచి చీరలు నచ్చవు అని. వద్దనాలంటే మన నోటితో మనల్నే తిట్టుకోవాలన్న మాట. ఇదంతా మనస్తత్వ శాస్త్రమని చెప్పాడు. మనిషికి పోతుందేమోనన్న భయం పెట్టాలట, తొందర పెట్టాలట, సిగ్గు పెట్టాలట, అప్పుడు గాని జేబులోకి చెయ్యి పోదట. అన్నిటికంటే ముఖ్యం, వెళ్ళిపోతున్నవాణ్ణి ఆపడమట. వెళ్ళే మనిషి మనసు మెత్తగా ఉంటుందట, సరిగ్గా అప్పుడు వెనక నుంచి పెట్టెతో పిలవాలట. మనిషి ఏ క్షణంలో మెత్తబడతాడో కనిపెట్టి అక్కడ గుచ్చడానికి కూడా చదువుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను చదవనందుకు మొదటిసారి సంతోషించాను.

చిక్కేమిటంటే ఆ వెబ్‌సైటుకి ఎవడూ రాలేదు. మా సందుల్లో కంప్యూటర్ ఎవరింట్లో ఉంది గనక? అందుకని జామాయిబాబు తన శాస్త్రాన్ని ముందు బతికున్న మనుషుల మీద పరీక్షించి, తర్వాత తెరకెక్కించాలని నిర్ణయించాడు. ఆ పెట్టె స్థానంలో నన్ను పెట్టాడు. గుమ్మంలో అడుగు పెట్టినవాళ్ళ ముందుకి చీరల దొంతర చాటు నుంచి ఊడిపడి బేరం చెప్పాలి. వెళ్ళేటప్పుడు గడప దాటాక వెనక నుంచి ఆగండి అని పిలిచి ఇంకో బేరం చెప్పాలి.

శుభకార్యానికి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని మాలో పసిపిల్లకి కూడా తెలుసు. పిలిస్తే వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. బెంగాలీలకీ ఆ పట్టింపు ఉంది. కాళీ గుడికి బయల్దేరినప్పుడు దాదాని వెనక నుంచి పిలిచే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, కానీ అల్లుడి ముందు ఆయన నోరు పెగల్లేదు. నేను పిలుస్తుంటే మా ఆడవాళ్ళు గొణుక్కుంటూ వెనక్కొచ్చేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, నీళ్ళు తాగేవాళ్ళు, ఊరికే కూర్చున్నామన్న మొహమాటానికి ఒక జాకెట్టు ముక్క కొనేవాళ్ళు. జామాయిబాబు ఇదంతా మనస్తత్వమని రాసుకునేవాడు. అది బిందెలో నీళ్ళ మహిమని నేను చెప్పలేదు.

ఇలా ఉండగా మా ఆడపడుచుకి బడ్జ్ బడ్జ్ అనే ఊళ్ళో జూట్ మిల్లులో పనిచేసే కుర్రాడితో సంబంధం కుదిరింది. ఆ పిల్లకి అంతకుముందు వచ్చినవన్నీ మాట దాకా వచ్చి చెడిపోయాయి, మా అత్తగారు నిద్ర మానేసింది. కుర్రాడి తల్లి, నాకు వరసకి పిన్నమ్మ, మంచిదే గాని శకునాల మనిషి. అంతకుముందు కొడుక్కి కుదిరిన సంబంధాన్ని, బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారని వదిలేసింది. ఆవిడ నిశ్చితార్థం చీర కొనడానికి మా షాపుకే వచ్చింది. సరిగ్గా ఆ రోజే జామాయిబాబు నా పని చూస్తానని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిలవకుండా ఒక్కరిని వదిలినా రేపట్నుంచి రానక్కర్లేదని పొద్దున్నే చెప్పాడు.

పిన్నమ్మ మామిడిపండు రంగు చీర ఎంచింది, కళ్ళకద్దుకుని సంచిలో పెట్టింది. లేస్తూ నా వైపు తిరిగి, "ఎల్లొస్తానమ్మా. గడప దాటినాక ఎవులూ ఎనకనించి పిలవకండి, నాకు పడదు," అంది. కుడికాలు బయట పెట్టింది. జామాయిబాబు నాకేసి కళ్ళెగరేశాడు. దాదా గొంతు సవరించుకుని లెక్కలేవో చూస్తున్నట్టు తల దించేసుకున్నాడు. పిలిస్తే పిల్ల పెళ్ళి పోతుంది, పిలవకపోతే నా ఉద్యోగం పోతుంది.

నేను బిందె చంకనెత్తుకున్నాను. వెనక గోదాము తలుపులోంచి చేపల సందులోకి దూకి పరిగెత్తాను. (వెనక నుంచి పిలవకూడదు గాని, నీళ్ళ బిందెతో ముత్తయిదువ ఎదురొస్తే అంతకంటే మంచి శకునం లేదు కదా.) చేపల సందు నేల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండుసార్లు జారాను. ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి అడ్డం వస్తే, ఏ కోరికల కోసమో అడక్కుండా వాళ్ళతో కాసేపు నడిచి, అవతల తేలాను. పిన్నమ్మ ట్రాము పట్టాల వైపు తిరిగేసరికి నేను ఎదురుగా వస్తున్నాను. నీళ్ళు బిందెలో కంటే నా చీర మీదే ఎక్కువున్నాయి.

"ఇప్పుడే కదే నోపలున్నావు?" అంది ఆవిడ.

"నీల్లకెల్లాను పిన్నమ్మా," అని, పనిలో పని, "ఇంకో సీర తీసుకుంటే సగం ధరేనట, ఈ పూటతో సరట," అని ఒకే ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ బిందెలోకి తొంగి చూసింది. తల పంకించి, "నిండు బిందితో ఎదురొచ్చి అడిగితే ఒద్దనకూడదు," అని నాతో వెనక్కి నడిచి తనకో నేత చీర తీసుకుంది.

జామాయిబాబు ఆనందం చెప్పలేం. వెళ్ళేవాణ్ణి వెనక నుంచి కాదు, ముందు నుంచి ఆపాలని కనిపెట్టేశాడు. ఎందుకని మాత్రం నన్ను అడగలేదు. మర్నాడే నన్ను బిందెతో నిలబెట్టి ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టాడు. ఎవరైనా మూసి వెళ్ళిపోబోతే బిందెతో నేను ఎదురుగా జారుకుంటూ వచ్చేదాన్ని. చూసేవాడు దాదా ఒక్కడే. వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడి, నన్ను తోసెయ్యడానికి ఇంటూ గుర్తు వెతుక్కునేవాడు. కాళీపూజ లోపలే ఆ వెబ్‌సైటుని ఎత్తేశారు, జామాయిబాబు మామగారి డబ్బుతో వేరే శాస్త్రం నేర్చుకోవడానికి వెళ్ళాడు. నేను చీరలు మడతపెట్టుకుంటూ ఉండిపోయాను.

పెళ్ళి బాగా జరిగింది. అప్పగింతలయ్యాక పిన్నమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"నీ బిందిలో ఆ రోజు గుక్కెడు నీల్లు లేవే," అంది.

నేను తాంబూలాలు సర్దబోయాను.

"నానేటి గుడ్డిదాన్నా? ఒల్లంతా సేపల కంపు నీకు. నన్ను ఎనకనించి పిలవడం ఇష్టం నేకే కదా అంత సుట్టు తిరిగొచ్చావు. ఆ ఇంటి పిల్ల మాకు సాలనుకున్నాను."

ఫోనులో వచ్చే పెట్టెలకి ఇంత తిరుగుడు తెలీదు, వాటిని తయారుచేసే చదువులకీ తెలీదు. వాటిని మూసేస్తుంటే అప్పుడప్పుడు ఆ తడిసిన చీర పిల్ల, అప్పటి నేనే, గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ పిల్ల ఏ సందు మలుపులోనైనా నాకు ఎదురొస్తే, పక్కకి తోసెయ్యను. ఆగి, రొప్పు తగ్గేదాకా ఉండి, ఏమి అమ్మినా ఒకటి కొంటాను. బేరమాడే కొంటాననుకోండి.