ఎనిమిది పట్టీలు

ఛత్రినాకలోని మా ఇంటికి బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చిన రోజే, దాని బ్రైట్‌నెస్ నాబ్‌ను నేను తప్ప ఎవరూ ముట్టుకోవద్దని హుకుం జారీ చేశాను. అప్పట్లో నాకు పొగరు కొంచెం ఎక్కువే. సిటీ బస్సు నడిపే మా బాపు డ్యూటీ దిగి వచ్చి కూర్చోగానే, "బిడ్డా, బొమ్మ మస్తు చీకటిగుంది, జర పెంచు" అనేవాడు. పెంచేదాన్ని. నాలుగు రోజులకు మళ్లీ అదే మాట. చివరికి వార్తలు చదివే ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైంది. ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

అమ్మ విసిగిపోయి హుస్సేనీ ఆలం నుంచి మెకానిక్‌ను పిలిపించింది. సాయంత్రం కార్యక్రమాలకు ముందు తెర మీద కాసేపు ఉత్త గీతల బొమ్మ నిలిచేది. ఆయన దానికోసమే ఆగాడు. అందులో తెలుపు నుంచి నలుపు దాకా ఎనిమిది పట్టీలు. నాబ్‌లు తిప్పి తిప్పి, "ఎనిమిదికి ఎనిమిది అలగ్ అలగ్, దేనికది కనబడాలె. ఇగ దీన్ని ముట్టకుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

అంతలో బాపు వచ్చాడు. "ఏంది, ఉన్నదాన్ని ఖరాబ్ చేసి పోయిండా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎన్ని పట్టీలున్నయో నువ్వే లెక్కవెట్టు బాపూ."

ఆయన లేచి తెర దగ్గరికి వెళ్లి, వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. "మూడు."

అమ్మ వేళాకోళమనుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మరి డిపోల కండ్ల పరీక్ష ఎట్ల పాసయితున్నవ్?"

"గా బోర్డు మీది అక్షరాలు నోటికొస్తయ్. ఎన్నేండ్ల సందో గదే బోర్డు. మా డ్రైవర్లమంత గంతే," అన్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా.

అప్పుడు భయమేసింది. అమ్మ లేచి వీధి తలుపు వేసింది. "రెండేండ్లయితె రిటైరైతడు. ఈ ముచ్చట గడప దాటొద్దు," అంది నాతో. నేనే లేచి నాబ్‌ను వెలుగు పెరిగేవైపు చివరిదాకా తిప్పాను.

టైపింగ్ నేర్చుకోవడానికి రోజూ బాపు బస్సులోనే వెళ్లేదాన్ని. మరునాడు పొద్దున బాపు బస్సు స్టాపు దాటిపోయి, కీచుమంటూ ఆగింది. బాపు సీట్లోంచి వెనక్కి తిరిగి, ఎడమ కిటికీలోంచి నా వైపే చూశాడు. చెయ్యి ఊపినా నన్ను గుర్తుపట్టలేదు. బడిపిల్లలు, ఖాళీ పాల క్యాన్లతో గౌలిపుర ఆడవాళ్లు తోసుకుంటూ ఎక్కారు. నేను ఎక్కలేదు. ఎక్కేవాళ్లను ఆపనూ లేదు.