కోపమొస్తే తాలు ఏరేవాడు

ఆ రోజుల్లో పిల్లల్ని కొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు, చెయ్యి ఖాళీగా ఉంటే చాలు. గుంటూరు దగ్గర మిరప పండించే మా పల్లెలో మేష్టారు కొట్టేవారు, అమ్మ కొట్టేది, దారినపోయే బాబాయి వరసాయన కూడా "ఏమే, బడికెళ్ళలా?" అని ఒకటి తగిలించి పోయేవాడు. ఇందరిలో మా నాన్న ఒక్కడే చెయ్యి చేసుకునేవాడు కాదు. అలాగని కోపం లేదనుకునేరు! మా తాతయ్య ములుగర్రతో పెంచిన మనిషాయన. తాతయ్యకి ఎడ్లకీ కొడుక్కీ ఒకటే కర్ర. కోపమొస్తే నాన్న తిన్నగా కల్లానికి వెళ్ళి, ఎండబోసిన మిరపకాయల ముందు గొంతుకూర్చుని తాలు కాయలు ఏరేవాడు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, అవి కలిస్తే సరుక్కి ధర పలకదు. అమ్మతో మాటామాటా వచ్చిన రోజున ఇద్దరు కూలీల పని ఆయనొక్కడే చేసేవాడు. (మా సరుకు అంత శుభ్రంగా ఉండేదంటే ఆ ఘనత అమ్మదేనని నా నమ్మకం.)

అంతటి మనిషికి పుట్టి నేను నాలుగో తరగతికే 'రౌడీ పిల్ల' అని పేరు తెచ్చుకున్నాను. ఒకరోజు వెనకింటి అమ్మాయి నా రేగొడియాలు తినేసి, తినలేదని అమ్మతోడు ఒట్టేసింది. కంపాసు పెట్టెతో దాని నుదుటి మీద ఒక్కటిచ్చాను. కోడిగుడ్డంత బొప్పి కట్టింది. సాయంత్రానికి వాళ్ళమ్మ దాన్ని రెక్క పట్టుకుని మా కల్లానికే లాక్కొచ్చింది.

"చూడన్నయ్యా, నీ కూతురు చేసిన నిర్వాకం!"

నాన్న మొహం కందగడ్డయింది. మంచం మీద కూర్చున్న తాతయ్యకి మాత్రం హుషారొచ్చింది. "ఏందిరా చూస్తన్నావ్? రెండు పీకు. నేను పీకబట్టేగా నువ్వు మనిషివైంది!" అన్నాడు. నాన్న చెయ్యి లేచింది. నేను పుట్టి బుద్ధెరిగాక అది లేవడం అదే మొదలు. తాలు ఏరే ఆడవాళ్ళు చేతులాపేశారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరు నేర్పారే నీకు కొట్టడం?" అని అరిచాడు నాన్న.

అడిగితే నిజం చెప్పాలి కదా! "తాతయ్యేగా! నిన్ను కొట్టబట్టే నువ్వు మంచోడివయ్యావని రోజూ చెప్తాడుగా. ఇది అబద్ధమాడింది, మంచిదాన్ని చేద్దామని కొట్టా."

ఒకావిడ పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. తాతయ్య ఆకాశంలో మబ్బులేవో వెతుక్కున్నాడు. నాన్న చెయ్యి దించాడు. వెనకింటి అత్తకి తప్పయిందని దణ్ణం పెట్టి, నాచేత ఆవిడ కూతురికీ పెట్టించి పంపాడు. తర్వాత వెళ్ళి కాయల ముందు కూర్చున్నాడు. కాసేపటికి తాతయ్య మంచం దిగొచ్చి ఎదురుగా కూర్చుని తనూ ఏరడం మొదలెట్టాడు. చూపు ఆనక ఎర్రటి మంచి కాయలు కూడా తాల్లోకి విసిరేస్తుంటే, నాన్న వాటిని తీసి మళ్ళీ మంచి కాయల్లో వేస్తున్నాడు.

"అంత గట్టిగా కొట్టేవాణ్ణంట్రా?" అన్నాడు తాతయ్య చివరికి.

"అయిపోయిందిలే నాన్నా, నువ్వు ఏరు."

మా నాన్న ఎంత గొప్పవాడో నాకు ఆ పూట తెలిసింది. ఆ గొప్పతనం నాకూ వచ్చేసిందని చాలాకాలం నమ్మాను కూడా. మొన్న నా ఆరేళ్ళ కూతురు బళ్ళో ఎవర్నో కొరికొచ్చింది. నా చెయ్యి లేచింది, లేచి ఊరుకోలేదు. ఆ తర్వాత ఏడుస్తూ నాన్నకి ఫోన్ చేశాను.

"ఆ రోజు నువ్వు ఎట్టా ఆపుకున్నావు నాన్నా?"

"నేనెక్కడ ఆపుకున్నానమ్మా! నువ్వు ఎడమ భుజం పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డావు. మా నాన్న ముందు నేనూ అట్టాగే నిలబడేవాణ్ణి. అది చూశాక ఇంక చెయ్యి ఆడలా." వెంటనే, "పిల్లేం చేస్తంది?" అన్నాడు.

"పక్కన కూర్చుని నా కళ్ళు తుడుస్తోంది."

"అయితే నీకంటే అదే నయం. ముందు దానికి తప్పయిందని చెప్పు."

చెప్పాను. అది చాలాసేపు ఆలోచించింది. "సర్లే, ఇంకోసారి కొట్టకు" అని వేలు చూపించింది. ముప్పై అయిదేళ్ళ రౌడీ పిల్ల బుద్ధిగా తలూపింది.