అత్త రొంటిన కందిరీగలు

నాకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం రాదు. కరీంనగర్‌లో మిత్రపురుగులు పెంచే ల్యాబులో ఇన్నేళ్లు నిలిచానంటే నాకే ఆశ్చర్యం. అక్కడి కందిరీగలకూ నిలకడ లేదు మరి. ఆవగింజకన్నా సన్నవి. చీడపురుగు గుడ్డు కనపడితే చాలు, అందులో తమ గుడ్డు పెడతాయి. ఇక ఆ పురుగు పుట్టదు. గది కాస్త వేడెక్కిందా, ఆయుష్షు అయిపోతున్నట్టు ఉరుకులాట. ముందే పెట్టిన గుడ్డులోనే మళ్లీ పెట్టేసి, పక్కదాన్ని వదిలేస్తాయి. వేడిలో వాటి రోజు మన రోజంత ఉండదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం!

మా మేనత్తకు ఇచ్చోడ దగ్గర రెండెకరాల పత్తి ఉంది. కిందటేడు మందు కొడుతూ చేన్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఈసారి పంపు ముట్టనివ్వనని మాటిచ్చి, ఇంకా పుట్టని కందిరీగలున్న అట్టముక్కలు తీసుకెళ్లాను. ఆ రోజు మబ్బు పట్టింది. వాన వెలిశాక కట్టాలి. నేనే రెండ్రోజులుండి కట్టొచ్చు. ఉండబుద్ధి కాలేదు.

“ఎల్లుండి పొద్దుగూకంగ ఆకుల కింద కట్టు. పైలంగ పెట్టుకో అత్తా,” అని చెప్పి బస్సెక్కాను.

కట్టమన్న రోజు సాయంత్రం అత్త ఫోను చేసింది.

“బిడ్డా, అట్టల మీదికెళ్లి నల్లగ ఏందో రాలుతుంది.”

తెల్లవారి వెళ్లి చూస్తే అన్నీ చచ్చిన కందిరీగలే.

“ఏడ పెట్టినవ్ అత్తా?”

“ఏడ పెడుత? పైలం అన్నవు గద. గుడ్డల మూటగట్టి రొంటిన దోపుకున్న. పండుకున్నప్పుడు గూడ తియ్యలే.”

బీరువా తాళం, బంగారు కమ్మలు, అన్నీ ఆమెకు నడుం దగ్గరి ఆ చీర మడతలోనే. ఒంటి వేడికి కందిరీగలు ముందే పుట్టి, గుడ్డమూటలోనే పోయాయి. చల్లగా ఉంచమని ఒక్క మాట చెప్పలేదు నేను.

చేన్లో అప్పటికే పురుగు మొగ్గల్లోకి దూరుతోంది. కొత్త అట్టలు వచ్చేదాకా ఆగదు. అత్త పంపు కడిగి తెచ్చింది. నేను లాక్కున్నాను.

“నీకు నిమ్మళం లేదురా. కొట్టిన సాలే కొడుతవ్, పక్క సాలు ఇడుస్తవ్.”

వినలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగాను. నాలుగో సాలు మధ్యలో వెనక్కి చూస్తే, రెండో సాలు ఆకులు పొడిగా ఉన్నాయి.

అత్త గట్టు దిగి వచ్చి, నా వీపు మీది పంపు విప్పి తన భుజాలకు ఎత్తుకుంది.