పగులు మీద కవరు

హీట్ గన్ వేడికి రెండువైపులా అంటుకునే టేపు మెత్తబడగానే ఒక వాసన వస్తుంది. కాలిన రబ్బరుకూ బెల్లం పాకానికీ మధ్యలో ఉంటుందది. నిన్న ఖమ్మంలోని నా దుకాణంలో ఓ బైకుకి కార్బన్ ఫైబర్ కవర్లు అతికిస్తుంటే ఆ వాసనకు రూతక్క గుర్తొచ్చింది. బండి యజమాని "ఇంకెంతసేపన్నా?" అని మూడోసారి అడుగుతున్నాడు. నేను మాత్రం సారపాకలో ఆమె దుకాణం గడప దగ్గర ఉన్నాను.

మీరామెను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. అక్కడి కాగితం మిల్లులో కాంట్రాక్టు పని పోయి, పెళ్లయి ఆరు నెలలైనా కాకముందే ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను పిలిచి పని నేర్పిన మనిషి. అంతకుముందు చాలా ఏళ్లు బండ్ల సీట్లకు కవర్లు కుట్టింది. కుర్రకారు ఫైబర్ కవర్లు అడగడం మొదలుపెట్టాక "బట్టయినా ఫైబరయినా కొలత కొలతే" అని అదీ నేర్చుకుంది. మోకాళ్లూ బూట్లూ రాసుకుని చాసీ, అదే బండి ఇనుప చట్రం, రంగు పోకుండా రెండు పక్కలా అతికే పలచటి కవర్లవి. నల్లగా, నేత నేసినట్టు మెరుస్తాయి కాబట్టి అందం కూడా. ఆదివారం తెల్లచీరలో చర్చికి వెళ్లే రూతక్క సోమవారం పొద్దున్నే కొంగు బొడ్లో దోపి బండి పక్కన నేలమీద కూర్చునేది. మగవాళ్లు వింతగా చూసేవారు. ఆమెకు అవన్నీ పట్టించుకునే తీరిక ఉండేది కాదు.

మొదటి వారంలోనే నా తెలివి చూపించాను. మా వైపు బండి తుడవడమంటే డీజిల్ గుడ్డతో తుడవడమే, తళతళలాడుతుంది. నేనూ అలాగే తుడిచి, కవరు అతికించి, చేతులు దులుపుకున్నాను. సాయంత్రానికి కవరు అరటితొక్కలా ఊడి వేలాడింది. రూతక్క పడీపడీ నవ్వింది.

"ఏంది తమ్మీ, పెండ్లికొడుక్కి నూనె రాసినట్టు రాసినవ్? జిడ్డు మీద గమ్ము నిలుస్తదా?"

తర్వాత పద్ధతి చూపించింది. ముందు సబ్బు నీళ్లు, ఆ తర్వాత స్పిరిట్, గమ్ము లేకుండా ఒకసారి పెట్టి చూడటం. అన్నిటికన్నా చివరిది గోరు. చూపుడువేలి గోటితో చాసీ పొడవునా మెల్లగా గీసుకుంటూ పోయేది.

"గోరు ఆగిన కాడ రంగు గీకి సూడాలె. ఉత్త గీతనా, ఇనుమే పగిలిందా అని. కవరు ఏసినంక దేవుడు తప్ప ఎవ్వరు సూడలేరు. గందుకే మూసేముందు సూడు."

ఆ వానాకాలంలో లచ్చయ్య వచ్చాడు. ములకలపల్లి అవతల అడవి పల్లె అతనిది. వానలు పడితే అక్కడిదాకా అంబులెన్సు రాదు. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా తారురోడ్డు దాకా అతని పాత బండే దిక్కు. ఎక్కిన మనుషుల కాళ్లు రాసుకుని రంగు లేచిపోయి, చాసీ తుప్పు పడుతోందని కవర్లు వేయించడానికి వచ్చాడు.

"జల్దీ కానీ తమ్మీ. మా మరదలుకు నెలలు నిండినయ్, రేపో ఎల్లుండో" అన్నాడు.

ఎడమవైపు, ఇంజను బోల్టుకు పైన, నా గోరు ఆగింది. తుప్పు పొరేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గీకి చూస్తే నిజం తెలుస్తుంది. పగులే అయితే బండి ఆపాలి. ఎదురుగా నిలబడ్డ లచ్చయ్యకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. లోపల సీటు కుడుతున్న రూతక్క అక్కడినుంచే అడిగింది.

"గోరు ఆగిందా తమ్మీ?"

"లేదక్కా."

కుట్టుమిషను ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. నేను కవరు అతికించాను. లచ్చయ్య సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆ అబద్ధం నన్ను ముద్ద మింగనివ్వలేదు. తెల్లారాక, షట్టరు ఎత్తుతున్న అక్కకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. దులిపేస్తుందనుకున్నాను. ఆమె లచ్చయ్యకు ఫోను చేసింది, కలవలేదు. సగం ఎత్తిన షట్టరు దించేసి, స్కూటీ తీసి "ఎక్కు" అంది.

బురదలో పడుతూ లేస్తూ చేరేసరికి అతని ఇంటిముందు బండి లేదు. పొద్దున్నే నొప్పులు మొదలైతే మరదలిని ఎక్కించుకుని, దగ్గరని గుట్ట వెనక బాటన పోయాడని వాళ్లమ్మ చెప్పింది. స్కూటీ ఆ బాట ఎక్కదు. రూతక్క ఆ ముసలామె ఎదుట నిలబడింది.

"అవ్వా, బండిల పగులున్నట్టున్నది. నేను సూడకుంట పంపిన. తప్పు నాది."

"వట్టి మనిషి కాదు బిడ్డా ఎక్కింది. గిదేం పని చేసినవ్?"

రూతక్క తల వంచుకుంది. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపింది. మంచం వాల్చినా కూర్చోలేదు. జల్లులో తడుస్తూ బాటవైపే చూస్తూ నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుంటుంది. నాకు దేవుడి పేరు తలుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

మధ్యాహ్నానికి లచ్చయ్య ఒక్కడే, నవ్వుకుంటూ వచ్చాడు. "అంబులెన్సు ఎక్కించిన. నేనింక రోడ్డు మీదుండంగనే దవాఖానా నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల!"

ముందుగా రూతక్క ఆ ముసలామె చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత బ్లేడుతో బండి కవరు ఊడదీసింది. రంగు గీకితే కింద రెండు వేళ్ల పొడవున ఇనుము విచ్చుకుని ఉంది. లచ్చయ్య వంగి ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. వాళ్ల అవసరానికి తన స్కూటీ వాకిట్లో వదిలి, బండిని తారురోడ్డు దాకా తోయించి, ట్రాలీ ఆటోలో వెల్డింగుకు తీసుకొచ్చింది అక్క.

దారిలో ట్రాలీలో బండిని పట్టుకుని కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగాను.

"నేను చేసిన తప్పు నీదని ఎందుకన్నవ్ అక్కా?"

"నీ తప్పు నీకున్నది తియ్యి. నువ్వు లేదన్నప్పుడు అబద్ధమని నీ గొంతుతోనే నాకు తెల్సింది తమ్మీ. మిషను ఆపిన, లేవబోయిన. కుట్టు సగంల ఉండె. మళ్ల కూసున్న. గా తప్పు నాది."

రూతక్క పోయి రెండేళ్లయింది. నా దగ్గరిప్పుడు ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్లు "చూశామన్నా" అని చెప్పినా నేను వెళ్లి చూస్తాను. "మామీద నమ్మకం లేదా?" అని మొహం మాడ్చుకుంటారు. బోలెడంత నమ్మకం. చేతిలో పని సగంలో ఉన్నప్పుడు లేవడం నాకూ చిరాకే, పైగా మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా లేస్తాను.