కాఫీతో మింగిన మాత్ర

"మూడు నెలలు మాత్రలు మింగినా రాని రక్తం ఈ డబ్బాలో పొడితో వచ్చాదా? దీనికి పోసిన దుడ్డుతో నెలంతా ఆకుకూరలు తినొచ్చు."

"దుడ్డు నాది అవ్వా. నీకేంది?"

"నాకేందా? పొద్దున రెండు ఇడ్లీలు తినేకి టైము లేదంటావు. ఇవన్నీ ఫోనులో చూసి తెప్పించేకి టైము యాడిది?"

"బస్సులో నిలబడి పెడ్తా ఆర్డరు. ఆడ ఇడ్లీలు తినేకి కాదు కదా."

ఈ మాట అనేసి నా మనవరాలు చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. సగం మెట్లు దిగాక గోడ పట్టుకుని ఆగడం పైనుంచి చూశాను. దిగడానికే ఆయాసం.

దాని అమ్మానాన్నలు సిరుగుప్ప దగ్గర వరి చేసుకుంటారు. బళ్లారిలో లోన్ల ఆఫీసులో దీనికి పని దొరికితే వండిపెట్టడానికని నన్ను వెంట పంపారు. వండుతాను, కానీ తినే మనిషి ఉండదు. ఏడున్నరకు పోతే దీపాలు పెట్టాకే రావడం. ఆఫీసులో అందరి సొరుగుల్లోనూ ఇట్లాంటి డబ్బాలేనట. ఒకామెకు జుట్టు కోసం, ఒకాయనకు నిద్ర కోసం. మూడో తరగతితో ఆగిపోయిన నాకు ఇంగ్లీషు రాదు. డబ్బా మీద ఏం రాసుందో అదే చదివి చెప్పింది: తినే తీరిక లేనివారి కోసం అని. డబ్బాతోపాటు రంగురంగుల జెల్లీ బిళ్ళలు కూడా వచ్చాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. పిల్లల పెప్పరమెంటులాగే ఉంది.

చుట్టూ ఇనుప రాయి తవ్వి లారీలకెత్తే జిల్లా ఇది. అలాంటి చోట నా ఇంటి పిల్ల ఒంట్లో ఇనుము లేదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసిచ్చింది. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే రక్తం అక్కడే ఉంది. వచ్చే నెల కూడా పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి ఇనుము మందు నరం గుండా ఎక్కించాలంది. అది పనిలో చేరి ఇంకా ఏడాది కాలేదు, ఉద్యోగం ఖాయం కాలేదు. ముందు ఇట్లాగే సెలవు పెట్టిన పిల్లను మళ్ళీ పిలవలేదట. ఆ భయంతోనే డబ్బా తెప్పించింది. అది నాకు తెలుసు. తెలిసే తిట్టాను.

మధ్యాహ్నం ఎండలో మందుల షాపుకు నడిచాను. మాత్రలు పనికిరానివని తేల్చి, మిగిలిన మూడు అట్టలు వాపసు ఇచ్చేద్దామని నా ఆలోచన. మోకాళ్ళు లాగుతుంటే దారిలో రెండుసార్లు కూర్చున్నాను.

షాపతను అట్టలు తిప్పి చూశాడు. "మాత్రలు బానే ఉండాయి అవ్వా. పాప ఎప్పుడు మింగుతాంది?"

"పొద్దున్నే, ఏమీ తినకముందు. నేనే ఎదురుగా నిలబడి మింగిస్తాండా అప్పా."

"నీళ్ళతోనే కదా?"

"వేడి కాఫీతో."

అతను అట్టలు కింద పెట్టాడు. "కాఫీ, టీ, పాలు దీనికి పడవు అవ్వా. వాటితో మింగితే ఒంటికి సరిగా పట్టదు. నీళ్ళతో మింగి, గంటో రెండు గంటలో ఆగి తాగాల. నీళ్ళలో ఇంత నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది. కాఫీతో అని ఎవరు చెప్పినారు?"

"మా ఇంట్లో ఒక ముసల్దుండాది."

"ఆమెకు గట్టిగా చెప్పు."

చెప్తానన్నాను. మూడు అట్టలూ మళ్ళీ సంచిలో వేసుకున్నాను.

మూడు నెలల కిందట మాత్రలు మొదలుపెట్టిన రోజు అది నీళ్ళే ముంచుకుంది. ఆ నీళ్ళు నేనే తిరిగి బిందెలో పోసేశాను. పరగడుపున ఉత్త నీళ్ళతో మింగితే కడుపులో తిప్పుతుందని కాఫీ గ్లాసు చేతిలో పెట్టాను. మా ఇంట్లో నాట్ల కాలంలో తెల్లవారుజామున చల్లటి బురదలో దిగే ప్రతి మనిషికీ ముందు ఒక గ్లాసు కాఫీ ఇచ్చేవాళ్ళం. వేడిగా ఏదైనా పడకుండా ఇంట్లోంచి ఎవరినీ పంపలేదు. నలభై ఏళ్ళు మడిలో చెల్లిన మాట మాత్రకూ చెల్లుతుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఇల్లు చేరి, వంటింటి గడప మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

సాయంత్రం అది వచ్చి సంచి పక్కన పడేసి గోడకు చేరగిలబడింది. కంచంలో అన్నం పెట్టి, షాపతను చెప్పింది చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"మూడు నెలలా అవ్వా?"

"మూడు నెలలు."

కళ్ళు మూసుకుంది. "మాత్రలు పని చేయలేదని ఆ డాక్టరమ్మతో కొట్లాడొచ్చినా. నిన్ను తిట్టేకి కూడా సత్తువ లేదు."

"ఒంటికి పట్టినాక తిట్టు."

పెదవి కొంచెం కదిలింది. నవ్వో కాదో చెప్పలేను. "మరి డబ్బా?" అంది.

"మూత తీసినావు కదా, ఇంక వాపసు తీసుకోరు. ఆ డాక్టరమ్మకు చూపించు. ఆమె తాగమంటే తాగు. అన్నం మాత్రం మానొద్దు."

"సాకు అవ్వా, ఇంక చాలు," అంటూ కంచం దగ్గరికి లాక్కుంది. పెట్టిందంతా తినలేదు కానీ సగానికి పైగా తిన్నది.

మర్నాడు పొద్దున గ్లాసు నీళ్ళలో అర చెక్క నిమ్మకాయ పిండి, మాత్రతోపాటు ఇచ్చాను. ముఖం చిట్లించి మింగింది. బస్సు ఎక్కేలోపు తినమని రెండు ఇడ్లీలు టిఫిను గిన్నెలో పెట్టాను, తీసుకుంది. కాఫీ తాగకుండా మెట్లు దిగింది. సగంలో ఆగి గోడ పట్టుకుంది, మళ్ళీ దిగింది. అలవాటు కొద్దీ దానికి కూడా కాఫీ కలిపేశాను. పారబోయడానికి మనసు రాలేదు. చల్లారాక నేనే తాగి, గ్లాసు కడిగి బోర్లించాను.